చెయ్యి వదిలిన రోజు

మిరప కోతకి ఆటో ఎక్కేముందు మల్లేశ్వరి కూతుర్ని బడి గేటు దాకా చెయ్యి పట్టుకుని దింపి వచ్చేది. సాయిలక్ష్మి పదో తరగతి. రెండేళ్ల కిందట వారం రోజులు జ్వరం కాసి తగ్గాక, ఆ పిల్లకి తల అటూ ఇటూ కదిపితే చాలు, లోకమంతా గిర్రున తిరిగేది. తల్లి చెయ్యి పట్టుకుంటే ఆ తలతిప్పు తల్లికి ఎక్కేది, పిల్ల తేటపడేది. మల్లేశ్వరి ఇక మధ్యాహ్నం దాకా సాళ్లలో తూలుతూనే కాయ కోసేది.

"ఇవాళ పిల్లదాని తిప్పు గట్టిగానే ఎక్కినట్టుందే, కాసేపు గట్టున కూర్చో," అనేవాళ్లు తోటి కూలీలు, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా.

ఇద్దరు డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారు. పబ్లిక్ పరీక్షల భయమన్నారు. మూడోసారి గుంటూరులో సఫూరా అనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆవిడ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. గీత మీద నడిపించింది. కళ్లు మూసుకుని ఉన్నచోటే అడుగులు వెయ్యమంది. సాయిలక్ష్మి నిటారుగా వేసింది. చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డ మల్లేశ్వరే ఎడమకి ఒరిగిపోయింది.

"నేను చూడాల్సింది మీ తిప్పు కాదమ్మా. చెయ్యి వదలండి."

"పడిపోద్ది మేడమ్."

"నేనున్నాగా."

వదిలింది. ఎక్కిన తిప్పు తల్లికి దిగేదాకా కూర్చోబెట్టి, డాక్టరు మళ్లీ అడుగులు వేయించింది. ముప్పై అడుగులు వేసేలోగా పిల్ల ఎడమకి తిరిగిపోయి గోడకి ఎదురుగా నిలబడింది. డాక్టరు ఆ పిల్లని కూర్చోబెట్టి, తన ముక్కునే చూస్తుండమని, తల పట్టుకుని చటుక్కున ఎడమకి తిప్పింది. పిల్ల చూపు ఆ ముక్కు మీంచి జారిపోయి, మళ్లీ వెతుక్కుంటూ వచ్చింది.

"ఎడమ చెవిలో, మనిషిని నిలబెట్టే నరం చచ్చుబడింది. ఆ జ్వరంలోనే పోయుంటుంది. ఇక రాదు. ఒక చెవితోనే నిలబడటం మెదడు నేర్చుకోవాలి. తిప్పు ఓర్చుకుంటేనే నేర్చుకుంటుంది." సఫూరా మల్లేశ్వరి వైపు తిరిగింది. "మొదట్లోనే వదిలేసుంటే ఈపాటికి చాలావరకు నేర్చుకునేది. రెండేళ్లూ మీరే మోశారు. ఇప్పుడు ఎంతవరకు వస్తుందో చెప్పలేను."

"దానికి హాయిగా ఉంటదనీ..." మల్లేశ్వరి మళ్లీ కూతురి వైపు చెయ్యి చాపింది.

"తెలుసమ్మా. ఇకమీదట ముట్టుకోకండి."

బస్టాండులో ఏ బస్సో చూద్దామని సాయిలక్ష్మి తల తిప్పింది. కాళ్లు తేలిపోయాయి. స్తంభం పట్టుకుని జారి, కిందే కూలబడి వాంతి చేసుకుంది.

"అమ్మా, చెయ్యివ్వవే!"

మల్లేశ్వరి రెండు చేతులూ చంకల్లో బిగించుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం తల్లివమ్మా నువ్వు?" అంటూ ఎవరో పెద్దాయన పిల్లని లేపడానికి వంగాడు.

రెండేళ్లలో మొదటిసారి, కూతురు పక్కనుండగా మల్లేశ్వరి కాళ్ల కింద నేల కదలకుండా ఉంది. బస్సు వచ్చాక కూతురు కళ్లనీళ్లతో మెట్టు కోసం కాలితో తడుముకుంటుంటే, తూలకుండా నిలబడి చూస్తూ ఉండిపోయింది.