గోవిందమ్మ అడిగిన గడువు

పరీక్షలన్నీ సరిపోయాయని తెలిసిన రోజు నుంచి గోవిందమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. కుప్పంలో ఆమె కాపురం. తమ్ముడు ఆదెప్పది పుంగనూరు దగ్గర చౌడేపల్లె. రెండు కిడ్నీలూ చెడిపోయి మదనపల్లెలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. అతని భార్య చెంగమ్మ తన కిడ్నీ ఇస్తానంటే ఆమెకే చక్కెర జబ్బు ఉందని తేలింది. అమ్మానాన్నలు లేరు. మిగిలింది అక్కే. ‘నాది తీసుకోండి’ అని అందరికంటే ముందు అన్నదీ ఆమే.

అనేసింది గానీ, పాలు పితుకుతూ ఉన్నట్టుండి నడుము తడుముకునేది. ఆవు తోక విసిరితే ఉలిక్కిపడేది. భర్త సుబ్రహ్మణ్యం “ఏమయిందే నీకు?” అంటే “ఏం ల్యా” అని కసిరేది.

ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి, ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుంది.

“మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారామ్మా? ఇష్టం లేకపోతే చెప్పండి. కారణం ఎవరికీ చెప్పం. మీరు ఇవ్వడానికి కుదరదని మాత్రం అంటాం.”

గోవిందమ్మ తలుపు వైపు చూసింది. ఒక్క మాట చాలు, ఎవరూ వేలెత్తి చూపరు. “రోంత టైమియ్యమ్మా” అని లేచి వచ్చేసింది. బయట చెంగమ్మ ఆశగా ముఖంలోకి చూసింది. ఆ చూపుకు గోవిందమ్మకు ఒళ్ళు మండింది, వెంటనే సిగ్గేసింది.

ఇంటికొచ్చినా అదే తీరు. చివరికి ఒక పొద్దున పలమనేరు బస్సెక్కింది. అక్కడ మారి, పుంగనూరు మీదుగా నేరుగా మదనపల్లె ఆసుపత్రికి పోయింది. ఆదెప్ప డయాలసిస్ మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు.

“ఏంక్కా, సెప్పకుండా వస్తివి?”

“నాకు బయంగా ఉండాది రా. కోస్తారంటే నిద్ర పట్టల్యా. నాకేమన్నా అయితే నా బిడ్డకు ఎవురు దిక్కని ఒకటే దిగులు.”

ఆదెప్ప ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. “వద్దులేక్కా. ఎట్లో నెట్టుకొస్తాను. డాక్టరుకు నేనే సెప్తాలే.”

గోవిందమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. “యాల రా అంత తొందర? బయమంటి గానీ, ఇయ్యనంటినా? మీ బావకు సెప్తే వద్దంటాడు, నీ పెండ్లానికి సెప్తే ఏడుస్తాది. నీకు గాక ఇంకెవురికి సెప్పుకునేది?”

పక్క మంచం ముసలాయన తల తిప్పి చూశాడు. ఆదెప్ప ఇటు తిరిగి మెల్లగా అన్నాడు.

“నాకూ బయమేక్కా. నీది పెట్టినాక అదీ సెడిపోతే, నీ మొగం ఎట్ల సూసేది?”

“ఇచ్చినాక అది నీది. సెడినా నిన్ను అడగను.”

ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మిషన్ ఆగేదాకా ఆమె అక్కడే కూర్చుంది. లేచేముందు డాక్టరమ్మకు ఫోన్ చేసి, “నాకు ఇష్టమేనమ్మా, బయం మాత్రం పోలేదు” అంది. భయం ఉండటం తప్పు కాదంది డాక్టరమ్మ.

శ్రావణం వెళ్ళాక ఆపరేషన్ జరిగింది. గోవిందమ్మకు తెలివొచ్చేసరికి పక్కంతా సలుపు. ఆ నొప్పిలోనే తమ్ముడి సంగతి అడిగింది. నర్సు నవ్వుతూ, “మూత్రం ధారగా పోస్తున్నాడు, సంచి నిండిపోయింది” అని చెప్పింది. గోవిందమ్మకు నవ్వొచ్చి కుట్లు పీకాయి.

నర్సు అటు తిరగ్గానే మళ్ళీ పిలిచింది.

“ఇంగొక్కసారి పొయ్యి సూసి రామ్మా.”