తలుపులు ఎటువైపు

గారెల మూకుడు ముందు నిలబడి బాలమణి తన ప్రయాణం గురించి తానే వింటోంది. న్యూయార్క్ దగ్గర ఎడిసన్‌లోని వాళ్ళ ఇంట్లో శనివారం భోజనాలంటే మగవాళ్ళు సోఫాల్లో, ఆడవాళ్ళు వంటింట్లో. హాల్లో తెర కట్టి, ఆమె భర్త దామోదర్ స్లైడ్ ప్రొజెక్టర్ తిప్పుతున్నాడు. ఫోటోలు బాలమణివి, వ్యాఖ్యానం ఆయనది. ఉగాండాలో అడుగైనా పెట్టని మనిషి అక్కడి యుద్ధం గురించీ చేతిపంపుల గురించీ చూసొచ్చినట్టే చెప్పుకుపోతున్నాడు.

"మరుగుదొడ్ల స్లైడ్స్ తీసేశాను లెండి. తినే వేళ అవెందుకు," అన్నాడు. అందరూ నవ్వారు.

బాలమణికి ఒళ్ళు మండింది. న్యూయార్క్‌లోని సహాయసంస్థ, ఇంజనీరైన ఆమెను పంపిందే ఆ మరుగుదొడ్లు చూసి రమ్మని. యుద్ధానికి ఊళ్ళొదిలి శిబిరం చేరిన ఆడవాళ్ళు వాటిని వాడటం లేదు. జనానికి అలవాటు లేదు, నేర్పాలి అని ముందు వెళ్ళొచ్చిన మగ ఇంజనీర్లు తేల్చేశారు. బాలమణి పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళనే అడిగింది. వాళ్ళు వేలెత్తి చూపించారు. వరసగా కట్టిన దొడ్ల తలుపులన్నీ సిపాయిల కాపలా గుడిసెకేసి ఉన్నాయి. ఎవరు ఒంటరిగా లోపలికి వెళ్తున్నదీ సిపాయిలకు కనబడుతుంది. అందుకని పొద్దుగూకేదాకా బిగబట్టుకుని ఆడవాళ్ళు గుంపుగా పొదల్లోకి పోతున్నారు. అక్టోబరులో తిరిగొచ్చి, దగ్గరుండి ఆ తలుపులు తిప్పిస్తానని వాళ్ళకు మాటిచ్చింది.

"మీ ఆవిడ మళ్ళీ వెళ్తారటగా?" భోజనానికొచ్చిన కృష్ణమూర్తి హాల్లో అడుగుతున్నాడు.

"లేదు లెండి. నిన్న ఆఫీస్ నుంచి ఫోనొస్తే రాదని చెప్పేశాను. అక్టోబర్‌లో అమ్మ వస్తోంది. ఒకసారి సరదా తీరిందిగా."

నిన్న ఫోనొచ్చిన సంగతే బాలమణికి తెలియదు. ఆమె మొదటిసారి బయల్దేరినప్పుడు దామోదర్ "నేను గనక పంపుతున్నాను, ఇంకొకడైతేనా" అన్నాడు. తాను లేని రోజులన్నిటికీ కూరలు వండి ఫ్రీజర్‌లో పెట్టి మరీ వెళ్ళింది. "పాయిఖానాలు చూడ్డానికి దేశాలు పట్టి పోవడమేమిటే తల్లీ" అని అత్తగారు ఫోన్లో దెప్పింది. అన్నిటికీ ఊరుకుంది. ఇంకెన్నాళ్ళు ఊరుకుంటే వీళ్ళకు సరిపోతుంది?

స్టవ్ కట్టేసి చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చి లైటు వేసింది. సిపాయిల గుడిసె సంగతీ, పొద్దుగూకేదాకా బిగబట్టుకునే ఆడవాళ్ళ సంగతీ గొంతు తగ్గించకుండా చెప్పింది. కృష్ణమూర్తి చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. ఆయన భార్య విద్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి వింది.

"మరి ఆ తలుపులెవరు తిప్పిస్తారు?" అంది విద్య.

"నేనే. సోమవారం ఆఫీస్‌కి వెళ్ళగానే వస్తున్నానని చెప్తాను."

దామోదర్ మొహం కందగడ్డలా అయింది. "అమ్మ వస్తోందన్నానా? అందరి ముందూ ఏమిటిది, లోపలికి పద, మాట్లాడదాం."

"నేను రానని అందరి ముందే చెప్పారుగా," అంది బాలమణి. "వచ్చేది మీ అమ్మగారు. సెలవు మీరు పెట్టండి."