ఒడ్డున తిప్పిన మోటారు

చేపల వేట నిషేధం ఇంకా రెండు రోజులుందనగా అబిగయీలు తన తమ్ముడు బెన్హర్‌ను వెంటబెట్టుకుని హెబ్రోను షెడ్డుకు వచ్చింది. పాలెంలో పడవ మోటార్లు బాగుచేసేది హెబ్రోను ఒక్కడే. అబిగయీలు అతని తమ్ముడు సుశీల్ కుమార్ భార్య. సుశీల్ సముద్రంలో పోయి ఏడాదయింది. అతను పోయిన రోజు పడవకున్న మోటారు షెడ్డులో ఒక మూల టార్పాలిన్ పట్ట కింద ఉంది.

"దాన్ని విప్పు బావా. బెన్హర్ పడవకు పెట్టుకుంటాడంట" అంది అబిగయీలు.

"కొత్తది చూసుకోరాదా?"

"ఇదుండగా కొత్తదెందుకన్నా? ఏడాది నుంచి దుప్పటి కప్పి పడుకోబెట్టుండావు. దానికి జ్వరం తగ్గిందో లేదో చూడు" అన్నాడు బెన్హర్. ఎవరూ నవ్వలేదు. అతను కూడా నవ్వించాలని అన్నట్టు లేదు.

హెబ్రోను పట్ట తీశాడు. పడవను ఒడ్డుకు లాక్కొచ్చిన రోజునే బెన్హర్ ఇంజను భాగాన్ని మంచినీళ్ళతో కడిగి నూనె పట్టించి పెట్టాడు. నీళ్ళలో మునిగి ఉండే కింది కాలును మాత్రం ఎవరూ ముట్టలేదు. అది హెబ్రోను పని. అతను చేయలేదు.

ఆ కాలు లోపల ఇంపెల్లర్ ఉంటుంది. అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం, ఆరు రెక్కలు. మోటారు తిరిగినంతసేపూ సముద్రం నీళ్ళను పైకి తోడి ఇంజనును చల్లగా ఉంచేది అదే. అది పనిచేస్తుంటే మోటారు వెనక సన్నటి ధార పడుతూ ఉంటుంది. ఆ రోజు పడవలో సుశీల్‌తో పాటు బెన్హర్ కూడా ఉన్నాడు. ముందు ధార ఆగిందనీ, తర్వాత పొగ వచ్చి మోటారు ఆగిపోయిందనీ, పడవ అలకు అడ్డం తిరిగి బోల్తా పడిందనీ చెప్పాడు. పట్టుకుని తేలడానికి బెన్హర్‌కు ఖాళీ డబ్బా దొరికింది. సుశీల్‌కు దొరకలేదు.

ఆ మోటారుకు అంతకు రెండు రోజుల ముందే కొత్త ఇంపెల్లర్ వేసింది హెబ్రోను. ఇరుసుకూ ఇంపెల్లర్‌కూ మధ్య గోరంత ఇనుప బిళ్ళ ఒకటి పెట్టాలి. అది సరిగా కూర్చోకపోతే కాసేపు తిరిగి జారిపోతుంది. ఇక ఇరుసు తిరుగుతుంది గానీ ఇంపెల్లర్ తిరగదు. ఆ బిళ్ళను సరిగా కూర్చోబెట్టాడో లేదో హెబ్రోనుకు గుర్తు లేదు. ఆ వారం పదమూడు మోటార్లు చేశాడు. విప్పి చూస్తే గంటలో తెలిసేది. ఏడాది పాటు విప్పలేదు.

బోల్టులు ఉప్పు పట్టి బిగిసిపోయాయి. రెండు తేలిగ్గానే వచ్చాయి. మూడోదాన్ని సుత్తితో కొట్టాల్సి వచ్చింది. కాలు ఊడింది. పంపు మూత తీసి, ఇంపెల్లర్‌ను ఇరుసు మీదుగా పైకి లాగాడు. బిళ్ళ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

అతను దాన్ని వేలితో తడిమాడు. గట్టిగా కూర్చుని ఉంది. ఈ ఏడాదంతా ఆ ఒక్క విషయానికి భయపడుతూనే బతికాడు. ఇప్పుడు తెలిసింది. తెలిసినా ఏమీ అనిపించలేదు.

తర్వాత ఇంపెల్లర్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. మూడు రెక్కలు విరిగిపోయాయి. మిగిలిన మూడింటి కొనలు కరిగి గాజులా మెరుస్తున్నాయి. పంపు గిన్నె లోపల నల్లటి చార అంటుకుని ఉంది. అది ఎలా జరిగిందో ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. దాన్ని గబుక్కున గుడ్డలో చుట్టాడు.

"ఏమయింది?" అని అడిగింది అబిగయీలు.

"పాతబడిపోయింది."

"ఆయన పోయేదానికి రెండు రోజుల ముందే కదా కొత్తది వేసినావు."

హెబ్రోను గుడ్డకు ముడి వేశాడు.

"నాకు అబద్ధం చెప్పొద్దు బావా. నువ్వు తప్పు చేసుంటే చేసినానని చెప్పు. నేను ఊరిమీద అరిచేదాన్ని కాదు."

"నీళ్ళు లేకుండా తిరిగింది" అన్నాడు హెబ్రోను. "రెండు మూడు నిమిషాలు తిరిగితే చాలు, రబ్బరు కాలిపోతుంది. కాలిందని పైకి తెలీదు. కొంచెం దూరం పోయినాక విరుగుతుంది."

బెన్హర్ తల దించుకున్నాడు. అబిగయీలు గుడ్డ విప్పి ఆ రబ్బరు ముక్కను చేతిలోకి తీసుకుంది.

పాలెంలో ఒక అలవాటు ఉంది. నిషేధం తీరాక మొదటి వేటకు పోయే రోజు పాస్టరుగారు వచ్చి ఒడ్డునే పడవ పడవకూ ప్రార్థన చేస్తారు. అప్పుడు మోటారు తిరుగుతూ ఉండాలి. దీవించేటప్పుడు మోటారు పలకాలని అంటారు. హెబ్రోను ఉంటే నీళ్ళ డ్రమ్ము మోసుకొచ్చి, అందులో కాలు ముంచి గానీ తిప్పనిచ్చేవాడు కాదు. పోయినేడు ఆ పొద్దున అతను సామాన్ల కోసం గూడూరు వెళ్ళాడు.

"ప్రార్థన అయినాక అందరిలాగే మా ఆయనా ఆపబోయినాడు. నేనే వద్దన్నా. పాట కూడా కానీమన్నా" అంది అబిగయీలు. "నాలుగు చరణాలు."

ఆమె గొంతులో తేడా ఏమీ లేదు.

"డ్రమ్మును లోపల పెట్టి తాళం వేసుకుని పోయినా నేను" అన్నాడు హెబ్రోను.

"ఊరుకో బావా."

"నాతోనే ఉండింది తాళంచెవి."

"ఊరుకోమంటుండా కదా."

కాసేపటికి బెన్హర్ బయటికి వెళ్ళిపోయాడు. హెబ్రోను కొత్త ఇంపెల్లర్‌కు సబ్బునీళ్ళు పూశాడు. రెక్కలన్నీ ఒకే వైపుకు వంగేట్టు ఇరుసును తిప్పుతూ గిన్నెలోకి దించాడు. దించక ముందే, బిళ్ళను ఇరుసు మీద పెట్టబోతూ అబిగయీలుకు చూపించాడు. పెట్టాక మళ్ళీ చూపించాడు. ఆమె రెండుసార్లూ తలూపింది.

మూడోనాడు పొద్దున ఒడ్డున జనం నిండారు. టైటస్ పాస్టరుగారు బెన్హర్ పడవ దగ్గరికి వచ్చి బైబిలు తెరిచారు. వెనక నిలబడ్డ మగ్దలీనమ్మ పక్కామెతో, "ఆ హెబ్రోను చేతి మోటారే మళ్ళీ పెట్టుకుండారు, ఏం ధైర్యమో" అంది. అందరికీ వినబడింది. హెబ్రోనుకూ వినబడింది. ఏడాదిగా ఏదో ఒక నోట వింటున్నదే.

బెన్హర్ తాడు అందుకోబోతుంటే అబిగయీలు పడవకు అడ్డం నిలబడింది.

"పాస్టరుగారూ, పడవను నీళ్ళలోకి దించినాక ప్రార్థన చేయండి."

"ఎప్పుడూ ఒడ్డునే కదమ్మా."

"ఒడ్డున తిప్పితే మోటారు లోపల కాలిపోతాది. పోయినేడు మా ఆయన ఆపుతానంటే నేనే పాట అయ్యేదాకా తిప్పించినా. అందుకే పోయినాడు. మా బావ వేసింది సరిగానే ఉండింది. మొన్న విప్పి చూసినాం, నా చేత్తో పట్టుకుని చూసినా."

హెబ్రోను ఆమెను ఆపాలని ఒక అడుగు ముందుకు వేశాడు, అప్పటికే ఆమె అనేసింది.

మగ్దలీనమ్మ కొంగు సర్దుకుంది. పాస్టరుగారు చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచారు. పదిమంది కలిసి పడవను నీళ్ళలోకి నెట్టారు. బెన్హర్ తాడు లాగాడు. రెండోసారికి మోటారు అందుకుంది. పాస్టరుగారు నడుంలోతు నీళ్ళలో నిలబడి, బైబిలు తడవకుండా నెత్తిన పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పక్క పడవల వాళ్ళు కూడా, ఎవరూ చెప్పకుండానే, తమవి దించుకుంటున్నారు.

అబిగయీలు పొడి ఇసుకలోనే ఉండిపోయింది. కళ్ళు మూసుకోలేదు.

హెబ్రోను మోటారు వెనక నిలబడి ధార కింద చెయ్యి పెట్టాడు. నీళ్ళు మొదట చల్లగా పడ్డాయి, తర్వాత గోరువెచ్చగా, ఆగకుండా. ప్రార్థన అయింది, పాట అయింది. "చెయ్యి తియ్యన్నా, పోవాల" అని బెన్హర్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.