ఒంటిచేత్తో ఆడే ఆటలు

మా గ్రూపు పేరు ‘ఆడి చెప్పండి’. పెట్టింది నేనే. వీడియో గేములంటే పడిచచ్చేవాళ్ళం నలభై మందిమి ఫోన్‌లో పోగై, ఏది బాగుంది, ఏది దండగ, ఏది ఎవరికి నప్పుతుంది అని కబుర్లు చెప్పుకునే చోటు అది. ఒకటే షరతు. ఆడకుండా అభిప్రాయం చెప్పకూడదు. ఎవరైనా ట్రైలర్ చూసి ‘అదిరింది’ అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ‘అదిరింది మీ ఫోనేమో చూసుకోండి’ అని వెంటనే తగిలించేదాన్ని.

నా నోటి దురుసుకి గ్రూపులో మంచి గిరాకీ ఉండేది. ఒక యుద్ధం గేమ్ గురించి ‘మొదటి గంట ఓపిక పట్టండి, ఆ తర్వాత కూడా బాగోదు’ అని రాస్తే వారం రోజులు అందరూ అదే చెప్పుకుని నవ్వుకున్నారు. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నన్నక్కడ పళ్ళక్క అంటారు. ‘పళ్ళక్క కొరికింది’ అన్నారంటే ఆ గేమ్ పని అయిపోయినట్టే. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నా నోరు ఎంత లేస్తుందో మీకు ముందే తెలియాలి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ, కొత్తగా చేరినాయన ఒక ప్రశ్న పెట్టాడు. పేరు ఉండాల్సిన చోట ‘బైండర్’ అని ఉంది. “నమస్కారమండీ. ఒంటిచేత్తో ఆడే మంచి గేములేమైనా ఉంటే చెప్పగలరా?”

ఒంటిచేత్తో మ్యాచ్ గెలిపించాడంటాం. ఒంటిచేత్తో ఇల్లు నడుపుకొచ్చిందంటాం. ఆ మాట వినగానే మాలో ఒక్కరికీ చెయ్యి గుర్తుకు రాలేదు, మొనగాడు గుర్తొచ్చాడు. ఎవరి సాయమూ లేకుండా ఒక్కడే వందమందిని మట్టి కరిపించే గేములు కావాలి కాబోలు ఈయనకి అనుకున్నాం. ముందుగా బేకరీ బాబాయ్ రంగంలోకి దిగాడు. పొద్దున్నే రొట్టెలు కాల్చి మధ్యాహ్నం నుంచి గేములు ఆడే మనిషి. పది మాటల్లో తొమ్మిది కోతలు. “ఏడు తలల పాము గేమ్ ఆడు బాబూ. దాన్ని నేను ఒంటిచేత్తో చంపాను, కత్తి కూడా మార్చలేదు” అని రాశాడు. ఆ వెనకే ఇరవై సిఫార్సులు వచ్చిపడ్డాయి, ఒకదాన్ని మించి ఇంకొకటి కష్టం.

నేనెందుకు ఊరుకుంటాను? “ఒంటిచేత్తో సంగతి తర్వాత చూద్దాం నాయనా, ముందు రెండు చేతులతో సరిగ్గా ఆడి చూపించు” అని రాశాను. ముప్ఫైమంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు.

నాలుగింటికి జవాబు వచ్చింది. “క్షమించాలండీ. నాకు కుడిచెయ్యి పనిచేయదు. ఒంటిచేత్తో అంటే ఒక్క చేత్తో అని నా ఉద్దేశం. సరిగ్గా రాయలేకపోయాను.” దాని కిందే, ఆయన గ్రూపు నుంచి వెళ్ళిపోయినట్టు ఒక చిన్న లైను.

అప్పుడు నేను ఎవరికో కింది దవడ పళ్ళ సెట్టు పాలిష్ చేస్తున్నాను. మెషీన్ ఆపేశాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అన్నది నేను, నవ్వింది మేమందరం, క్షమించమని అడిగింది ఆయన. ఆరింటికి బేకరీ బాబాయ్ నాకు ఫోన్ చేశాడు.

“ఏంటే అమ్మాయ్, ఇప్పుడేం చేద్దాం?”

“ఏం చేస్తాం బాబాయ్, నా నోరు కుట్టించుకుంటా.”

“అది తర్వాత తీరిగ్గా కుట్టించుకుందువుగాని. ముందు ఆ అబ్బాయితో మాట్లాడు.”

మర్నాడు మాట్లాడాను. నంబరు నొక్కే ముందు రెండుసార్లు మంచినీళ్ళు తాగాను. నేనెవరో చెప్పగానే అతను కంగారుపడ్డాడు.

“అయ్యో, మీరా అండీ. తప్పు నాదేనండీ. ఒక్క చేత్తో అని రాయాల్సింది.”

“ఇంకొక్కసారి తప్పు నీదంటే ఫోన్ పెట్టేసి ఏడుస్తాను. నీ మాట బాగానే ఉంది తమ్ముడూ. నా బుర్రే బాగాలేదు.”

అతను నవ్వాడు. ఆ నవ్వు వినబడ్డాక నాకు కాస్త ఊపిరాడింది. తర్వాత నెమ్మదిగా తన సంగతి చెప్పాడు. పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పని. ఎనిమిది నెలల క్రితం బండి మీంచి పడితే భుజం దగ్గర నరాలు తెగిపోయాయి. చెయ్యి ఉంది గానీ దానికి తెలివి లేదు. కుట్టుపనిలో చెయ్యి తిరిగినవాడు ఇప్పుడు పేజీల వరుస సరిచూసే పనిలో ఉన్నాడు. అదీ బాగానే ఉందండీ, పుస్తకాలు చదువుకోవచ్చు అన్నాడు.

“మరి గేమ్ దేనికి? పొద్దుపోవడానికా?”

“మా చెల్లెలి కోసమండీ.”

చెల్లెలు కారు నడపడం నేర్పిస్తుంది. ప్రతి ఆదివారం పదకొండింటికి అన్న దగ్గరికి వస్తుంది. పదమూడేళ్ళుగా ఆదివారమంటే ఇద్దరూ కలిసి ఆడే ఒకే ఒక్క గేమ్ ఉంది. పొగమంచు కమ్మిన సముద్రంలో ఒక పడవ. ఒకరు తెడ్లు వేయాలి, ఇంకొకరు లాంతరు తిప్పి దారి చూపించాలి. తెడ్లు ఇతనివి, లాంతరు ఆమెది. దెబ్బ తగిలాక వచ్చిన మొదటి ఆదివారమే ఆమె గేమ్ డబ్బా తీసి అలమారా పైన పెట్టేసింది. నాకు ఆటలంటే విసుగొచ్చింది అన్నయ్యా, టీవీ చూద్దాం అంది.

“అది అబద్ధమని నాకు తెలుసండీ. నాకు తెలుసని దానికీ తెలుసు. ప్రతి వారం ఇద్దరం కూర్చుని వంటల పోటీలు చూస్తాం. దానికి వంటంటే పడదు, నాకు పోటీలంటే పడదు.”

“మరి లాంతరు నువ్వు తీసుకోవచ్చుగా? దానికి ఒక చెయ్యి చాలదూ?” అన్నాను. నాకు తట్టిన ఉపాయం చూసి నాకే ముచ్చటేసింది.

“చాలుతుందండీ. కానీ పదమూడేళ్ళలో లాంతరు కోసం నేనడగని వారం లేదు, అది ఇచ్చిన వారం లేదు. పెద్ద యుద్ధమే జరిగేది. ఇప్పుడు అడిగితే నోరెత్తకుండా ఇచ్చేస్తుంది. ఇచ్చేస్తుందనే నా భయం.”

అతనికి కావాల్సింది గేమ్ కాదు. చెల్లెలు తనని మళ్ళీ మనిషిలా చూసి గొడవపడటం కావాలి. అతనికి తెడ్లే కావాలి.

ఆ సాయంత్రం గ్రూపులో ఒక్క ముక్క రాశాను: “నేను ఆడకుండా చెప్పాను. ఈ వారం అందరం ఒక చెయ్యి కట్టుకుని ఆడి చెబుదాం.” నా కుడిచెయ్యి వెనక్కి పెట్టి ల్యాబ్ ఏప్రన్ తాడుతో నడుముకి కట్టుకున్నాను. నేను మూడేళ్ళుగా నెత్తిన పెట్టుకున్న కోటల గేమ్ తెరిచాను. మొదటి తలుపు తెరవాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని, ఇంకోవైపు బటన్ టకటకా నొక్కాలట. అరగంటసేపు గడ్డం కూడా వాడాను. తలుపు తెరుచుకోలేదు. చిన్నపిల్లల సరదా అని నేను కొరికి పారేసిన గుడ్లగూబ గేమ్ ఒకటి ఉంది, ఉత్తరాలు పంచుతుంది. అందులో ఏ బటన్ పని ఏ బటన్‌కైనా మార్చుకోవచ్చు, నొక్కి పట్టుకునే చోటల్లా ఒకసారి నొక్కితే చాలు. మూడు గంటలు హాయిగా ఎగిరాను. ఆ గేమ్‌కి నేను గతంలో రాసిన మాటలు తీసేసి, కింద నా చెంపలు నేనే వేసుకున్నాను.

తక్కినవాళ్ళూ ఊరుకోలేదు. బేకరీ బాబాయ్ ఏడు తలల పాము చేతిలో అరవైసార్లు చచ్చి, “ఒంటిచేత్తో చంపానన్నది కోతే, అసలు మా అల్లుడు చంపిపెట్టాడు” అని ఒప్పుకున్నాడు. ఇంకొకావిడ పేకముక్కల గేములన్నీ ఎడమచేత్తో ఒకసారి, కుడిచేత్తో ఒకసారి ఆడి చూసింది. వారం తిరిగేసరికి పదకొండు గేముల పేర్లు తేలాయి, ఒక్కోదానికీ ఏ సెట్టింగ్ మార్చాలో సహా. అతన్ని గ్రూపులోకి మళ్ళీ పిలిచి ఆ జాబితా చేతిలో పెట్టాం. చాలా సంతోషించాడు. కానీ పడవ గేమ్ మాత్రం అందులో లేదు. చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీద రెండు బొటనవేళ్ళకీ రెండు చిన్న పుల్లలుంటాయి, స్టిక్‌లంటాం. ఎడమ తెడ్డు ఎడమ స్టిక్‌తో, కుడి తెడ్డు కుడి స్టిక్‌తో, రెండూ ఒకేసారి తిప్పాలి. దానికి మార్చే సెట్టింగే లేదు.

అక్కడ నా పని అక్కరకొచ్చింది. ఎవరో చేసిన వీడియో ఒకటి చూశాను. కుడి స్టిక్‌కి ఒక టోపీ తొడిగి, దాన్నుంచి ఒక వంపు కడ్డీని కంట్రోలర్ కిందికి తెచ్చి చిన్న పీటకి బిగించాలి. పీటని తొడ మీద ఆనించి ఎడమచేత్తో కంట్రోలర్‌నే అటూ ఇటూ జరిపితే కుడి స్టిక్ కదులుతుంది. ఎడమ స్టిక్ పని ఎడమ బొటనవేలు చూసుకుంటుంది. పళ్ళకి ఎలా తీస్తామో అలాగే స్టిక్‌కి మైనంతో అచ్చు తీసి, ఆక్రిలిక్ ప్లాస్టిక్ పోసి అవన్నీ చేశాను. మా దగ్గర ఉండే ఆక్రిలిక్ చిగుళ్ళ రంగులోనే ఉంటుంది, ఏం చేయను. చెయ్యి కట్టుకుని ఆడి చూశాను. పడవ బాతులా సాగింది. ఎగిరి గంతేసి శనివారం పొద్దున అతని ఇంటికి పట్టుకెళ్ళాను.

అతను కుర్చీలో కూర్చున్నాడు. పీట చూశాడు, తన ఒళ్ళోకి చూసుకున్నాడు.

“అక్కా, ఈ తొడ మీద నా చెయ్యి ఉంటుందండీ.”

నిజమే. అతని కుడిచెయ్యి అక్కడే పడుకుని ఉంది. నా చెయ్యి నేను వెనక్కి కట్టుకున్నాను, అది లేనట్టే పోయింది. అతని చెయ్యి ఎక్కడికీ పోలేదు. దానికి బరువుంది, దానికో చోటు కావాలి. నేను వారమంతా ఆడింది లేని చేత్తో. అతను బతుకుతున్నది ఉన్న చేత్తో. మళ్ళీ తప్పులో కాలేశాను.

పీటని టేబుల్ మీద పెట్టి చూశాం. ప్రతి ఊపుకీ జారిపోయింది. కింద తడిగుడ్డ వేశాం, అయినా జారింది.

“పోనీ టేబుల్‌కి మరలతో బిగించేస్తాను” అన్నాను.

అతను పీటని వేలితో తడుముతున్నాడు. “పుస్తకం కుట్టేటప్పుడు కాగితాల దొంతర కదలకుండా దాని మీద ఒక బరువు పెడతామండీ. ఇనప దిమ్మ. ఈ చెయ్యి కూడా బరువే కదా.”

ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, ఎత్తి, పీట మీద పెట్టాడు. సరిగ్గా కూర్చోలేదు. నేను సంచిలోంచి మైనం తీసి మెత్తబరిచి, ఆ అరచేతి కింద అచ్చు తీశాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అతను మాత్రం అచ్చు కుదిరిందో లేదో చూసుకుంటున్నాడు.

“మరలు బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది తమ్ముడూ” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“ఉంటుందండీ. కానీ ఎనిమిది నెలలుగా దీనికి ఏ పనీ లేదు.”

ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌లో కూర్చుని కొత్త పీట చేశాను, అరచెయ్యి అమరేలా పైన గుంటతో. ఆదివారం పదింటికి తీసుకెళ్ళి టేబుల్ మీద అమర్చాను. చెయ్యి గుంటలో ఒదిగింది, పీట బిగుసుకుంది. అతను ఒంటరిగా పడవని ఒడ్డు దాటించాడు, రెండు రాళ్ళకి గుద్దాడు, మూడోదాన్ని తప్పించాడు. పదకొండింటికి చెల్లెలు వచ్చింది. నేనెవరో చెప్పాడు. ఆమె నాకు నమస్కారం పెట్టి, టీవీ వైపు చూసి, తెర మీద పొగమంచు చూసి ఆగిపోయింది.

“నాకు విసుగొచ్చిందని చెప్పాగా అన్నయ్యా” అంది మెల్లగా.

“నాకు రాలేదే. కూర్చో.” రెండో కంట్రోలర్ ఆమె వైపు జరిపాడు.

ఆమె పీటని చూసింది, దాని మీద అన్న చేతిని చూసింది. “ఇదేంటి, చిగుళ్ళలా ఉంది?” అని నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. కూర్చుంది. పావుగంటసేపు గాజుబొమ్మతో మాట్లాడినట్టు మాట్లాడింది. కొంచెం ఎడమకి అన్నయ్యా. పర్లేదు అన్నయ్యా. బాగా వేస్తున్నావు అన్నయ్యా. డ్రైవింగ్ నేర్పేవాళ్ళెవరూ అంత తియ్యగా మాట్లాడరు. అతని మొహం చిన్నబోతూ వచ్చింది. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. గేమ్ నడుస్తోంది గానీ కావాల్సింది జరగడం లేదు.

పడవ ఇరుకు దారిలోకి వెళ్ళింది. ఇద్దరూ ముందుకి వంగారు. ఆమె లాంతరు తిప్పింది, పొగమంచులో నల్లటి రాయి కనబడింది. “ఎడమకి” అంది. పడవ కుడికి పోయింది. “ఎడమకి! ఎడమకి అన్నయ్యా, ఎడమ!” పడవ వెళ్ళి రాయిని ఫెళ్ళున గుద్దుకుంది.

“నీకసలు బుద్ధుందా? చెవులెక్కడ పెట్టుకున్నావు? ఎడమంటే ఎటో తెలీదా? ముసలాళ్ళు నయం, నా దగ్గర రెండు రోజుల్లో నేర్చుకుంటారు!”

ఆమె చప్పున నోటి మీద చెయ్యి వేసుకుంది. మొహంలో రక్తం లేదు. “అన్నయ్యా, నేను... నా ఉద్దేశం అది కాదు...”

అతను చెల్లెలి వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు.

“ఎనిమిది నెలలైందే, నువ్వు నన్ను తిట్టి.”

ఆమె బావురుమంది. చాలాసేపు ఏడ్చింది. అతను ఓదార్చలేదు, మళ్ళీ మొదలుపెట్టే బటన్ నొక్కాడు. పడవ ఒడ్డున సిద్ధంగా నిలబడింది. ఆమె చున్నీతో మొహం తుడుచుకుని, తెర వైపు చూసి, గొంతు సరిచేసుకుంది.

“ఈసారి తెడ్లు నాకివ్వు. నీకు చేతకావడం లేదు.”

“ఛస్తే ఇవ్వను” అన్నాడు అన్న.