పాకింది

ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు ముందే చెప్పింది, "సాయంత్రం దాకా పిల్లను దగ్గరికి తీసుకోవద్దు. నీ ఒంట్లోకెక్కిన మందు నుంచి రేడియేషన్ వస్తుంది, పసిపిల్లలకి మంచిది కాదు" అని. అందుకే స్కాన్ అయ్యాక నేను వరండాకి ఈ చివర, అత్తయ్య మా బుడంకాయతో ఆ చివర కూర్చున్నాం. మధ్యలో డాక్టరు గారి గది.

నా ఊపిరితిత్తుల్లో జబ్బుందని పోయిన నెలే ముక్క తీసి చూసి చెప్పారు. క్యాన్సర్ కాదు, సార్కాయిడోసిస్ అన్నారు. నాకు నోరు తిరగని పేరు. ఈలోపు వేళ్లు వాచాయి. పిల్ల గౌనుకి గుండీ పెట్టాలన్నా ప్రాణం పోతోంది. ఎముకలకి పాకిందేమో చూద్దామని ఈ స్కాన్ రాశారు. అప్పట్నుంచి ఆ మాటే చెవిలో జోరీగ.

"రిపోర్టు వచ్చిందేమో కాస్త అడిగి రండి అత్తయ్యా" అని నేనే పంపాను. ఆవిడ పిల్లను దుప్పటి మీద కూర్చోబెట్టి, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పాకిందే అమ్మాయ్... పాకింది."

లేచి నిలబడ్డాను. పిల్లని ఎవరు పెంచుతారు, అదొక్కటే బుర్రలో.

"నన్ను చూస్తావేంటి, దాన్ని చూడు. మీ ఆయనైతే ఏడాది దాకా చాప దిగలేదు" అంది నవ్వుతూ.

అప్పుడు చూశాను. బుడంకాయ దుప్పటి దాటి, పొట్ట ఈడ్చుకుంటూ నా వైపే వస్తోంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చేతులు చాచబోయి, నర్సు మాట గుర్తొచ్చి వెనక్కి జరిగాను. అది ఆటనుకుంది. కిలకిలమంటూ ఇంకా జోరుగా వచ్చింది. గోడ తగిలేదాకా జరిగాను.

"పట్టుకోండి అత్తయ్యా, పట్టుకోండి."

ఆవిడ వచ్చి ఎత్తుకుంది. పిల్ల గుక్కపట్టింది.

డాక్టరు గారు లోపలికి పిలిచారు. తెర మీద రెండు బొమ్మలు. నిన్నటి ఎక్స్‌రేలో నా వేళ్ల ఎముకలు పురుగు తిన్న ఆకుల్లా ఉన్నాయి. ఇవాళ్టి దాంట్లో ఆ వేళ్లూ, నడుములో రెండు పూసలూ దీపం పెట్టినట్టు వెలుగుతున్నాయి.

"వెలుగున్న చోటల్లా జబ్బున్నట్టేనమ్మా. మందులు మొదలుపెడదాం, తగ్గచ్చు. పోయిన ఎముక ఎంత తిరిగొస్తుందో చెప్పలేను."

"పిల్లను ఎత్తుకోవచ్చా?"

"సాయంత్రం నుంచి ఎత్తుకోండి. ఆ మందు పోతుంది."

"అది కాదండీ. ఈ చేతులతో."

ఆయన మళ్లీ తెర వైపు చూశారు. "కూర్చున్నప్పుడు ఎవరైనా ఒళ్లో పెడితే సరే. నిలబడి వద్దు. పట్టు జారితే ఇద్దరికీ ప్రమాదం."

పొద్దుగూకాక ఇంట్లో మంచం మీద ఆనుకుని కూర్చుని, ఒడి సర్దుకున్నాను. అత్తయ్య పిల్లను తెచ్చి దించబోయింది. అది ఆవిడ మెడ వాటేసుకుని, నా వైపు చూసి, వదల్లేదు.