కరవని కుక్కపిల్ల

గాలక్క సబ్బునురగలో ముంచిన చిన్న కుంచెను తుపాకీ గొట్టం కింది గాలి సిలిండరు చుట్టూ తిప్పింది. గేజి దగ్గర ఒకసారి, గాలి నింపే మూతి దగ్గర ఒకసారి, వెనకాల వాల్వు అతుకు దగ్గర రెండుసార్లు. తర్వాత ఊపిరి బిగబట్టి చూసింది. బుడగ రాలేదు. నురగ మెల్లగా ఆరిపోయి నల్లటి లోహం మీద తెల్లటి చార మిగిలింది. దాన్ని గుడ్డతో తుడిచి ఎడమచెవి ఆనించింది. కుడిచెవి ఆమెకు అంతంతమాత్రం. ఎడమది మాత్రం పాముచెవి. అవతల హాల్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తుపాకీలోంచి ఏమీ వినిపించలేదు.

"దీనికేం రోగం లేదు," అంది తనలో తాను.

ఆ మాట ఆమెకే నచ్చలేదు. రోగం దొరికితే మందు వేయొచ్చు. దొరక్కపోతేనే వైద్యుడికి చిక్కు.

అది షూటింగు హాలు వెనకున్న మరమ్మతు గది. హాలు ఒకప్పుడు దారపు మిల్లు. ఈ గది మిల్లువాళ్ళు ఖాళీ కండెలు పడేసుకున్న చోటు. ఒక కిటికీ, ఒక పొడవాటి బల్ల, బల్ల అంచున సామాను బిగించి పట్టే వైసు, గోడకు వరసగా చేతిపంపులు. బల్ల మీద మందుబిళ్ళల డబ్బాలు పదకొండు ఉన్నాయి. వాటిలో బిళ్ళలు లేవు. సైజులవారీగా రబ్బరు రింగులున్నాయి. మూతల మీద అంకెలు వేయలేదామె. మూత తీసి, రింగును వేలికి తొడిగి చూసి చెప్పేస్తుంది.

ఈ తుపాకీ ఒక రిటైర్డు బస్సు డ్రైవరుది. పొట్టి ఎయిర్ రైఫిలు. మామూలు తుపాకీలో ట్రిగ్గరు వెనకా, పనిచేసే సరంజామా దాని ముందూ ఉంటాయి. దీంట్లో ట్రిగ్గరును ముందుకు నెట్టి, సరంజామా అంతా చెంప కిందికి తెచ్చి కూర్చోబెట్టారు. అందుకే పొడవు తక్కువ. ఈ రకాన్ని బుల్‌పప్ అంటారని, పప్ అంటే కుక్కపిల్లేనని మేనేజరు చెప్పిన రోజునుంచీ హాల్లో అందరికీ అది కుక్కపిల్లే. వాటిలోకెల్లా చవక రకం. ప్లాస్టిక్కు పిడి నొక్కితే కిర్రుమంటుంది. చవకది కాబట్టి ఆయన కొనగలిగాడు, పొట్టిది కాబట్టి పాత డ్యూటీ సంచిలో పట్టింది.

రెండున్నర నెలల్లో అది ఈ బల్ల ఎక్కడం ఇది నాలుగోసారి. మొదటిసారి రాత్రికి రాత్రి గాలంతా దిగిపోయేది. ఒక రింగు మీద వెంట్రుకంత కోత కనిపించింది. రెండోసారి గురి చూసే స్కోపు బిగించిన మరల్లో ఒకటి వదులైంది. మూడోసారి ట్రిగ్గరు. ఈ రకంలో ట్రిగ్గరొక చోట, అది విడిపించాల్సిన కొక్కెం జానెడు వెనక. రెంటినీ కలిపే సన్నటి కడ్డీకి మురికి పట్టి వేలికి జిగటజిగటగా తగిలేది. ఆమె గాలంతా వదిలేసి, విప్పి, కడ్డీని సానబట్టి, చుక్క గ్రీజు పెట్టి బిగించింది. ప్రతిసారీ డ్రైవరు "హమ్మయ్య, బతికింది" అంటూ తీసుకుపోవడం, రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ సంచితో ప్రత్యక్షం కావడం.

నిన్న సాయంత్రం కూడా అంతే.

"ఏం బాబాయ్, కుక్కపిల్ల మొరగట్లేదా?" అని అడిగింది.

"మొరగడానికేం, ఊరంతా వినబడేట్టు మొరుగుతోంది. కరవడమే లేదు. ఎడమపక్కకి, కిందకి పోతోంది గుండు. నువ్వు సరిగ్గా చూడమ్మా."

ఆ 'సరిగ్గా' అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. అందుకే ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టింది. గొట్టంలోంచి గుడ్డపీలిక లాగింది, శుభ్రంగానే వచ్చింది. గుళ్ళు పెట్టే గుండ్రటి మ్యాగజైను తిప్పి చూసింది. స్కోపు మరలు ఒక్కొక్కటీ తాకింది. ఇక మిగిలింది ఒకటే. తుపాకీని హాల్లోకి మోసుకెళ్ళి, ఇసకసంచుల మధ్య కదలకుండా పెట్టి, పది మీటర్ల దూరంలో కొత్త కాగితం తగిలించి అయిదు గుళ్ళు కొట్టింది. కాగితం తెచ్చి వెలుగుకు పట్టింది. అయిదూ ఒకే చిల్లులో పోయాయి. ఆ చిల్లు చొక్కా గుండీ కింద దాగిపోతుంది.

మేనేజరు ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. కొడుకు వయసువాడు. మాట మెత్తన.

"ఎవరి గన్ను అక్కా?"

"డ్రైవరు బాబాయిది."

అతను చిల్లు వంకా, తుపాకీ వంకా చూసి తల గోక్కున్నాడు.

"పోయిన వారం ఆయన గుండు వెళ్ళి పక్కాయన కాగితం మీద పడింది. పక్కాయనకి బోనస్సు పాయింట్లు వచ్చాయని అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడనుకో. ఆదివారం పెద్దోళ్ళ పోటీ ఉంది కదా, మన నలుగురిలో ఆయనొకడు. ఆయన్ని మార్చక తప్పదు. కాస్త నువ్వే చెప్పక్కా. నీ మాట వింటాడు."

"నా మాట విన్నవాళ్ళు బాగుపడ్డట్టు చరిత్రలో లేదు బాబూ," అంది గాలక్క.

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు.

ఆమెకు ఈ పని నేర్పింది భర్త. తుపాకీలు కాదు, సైకిళ్ళు. ఆయనది పంచర్ల కొట్టు. పెళ్ళయిన కొత్తలో ఆమె భోజనం క్యారేజీ పట్టుకెళ్ళి, ఆయన తినేదాకా ఊరికే కూర్చోలేక నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగ వెతికేది. రెండేళ్ళకు నీళ్ళతో పని లేకుండా ట్యూబును చెవి పక్కన తిప్పుకుంటూ "ఇదిగో ఇక్కడ" అనేది. ఆయన పొంగిపోయి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. గాలక్క అనే పేరు అలా వచ్చిందే. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిచేది ఆసుపత్రి చీటీ ఒక్కటే.

ఆయనకు యాభై దాటేసరికి వేళ్ళు మాట వినడం మానేశాయి. నట్టు పట్టుకుంటే జారేది, మర వంకరగా ఎక్కేది. "ఈ నట్లు దొంగ సరుకు" అని తిట్టేవాడు. ఒకరోజు ముగ్గురు బేరగాళ్ళు నిలబడి ఉన్నారు, నాలుగోవాడు బెల్లు కొడుతున్నాడు. ఆమె విసుగు పట్టలేక అనేసింది: "నట్టుది కాదు తప్పు, నీ చేతిది. పక్కకి జరుగు."

ఆయన జరిగాడు. పానా ఆమె చేతికిచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుని ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ కొట్టుకు రాలేదు. ఆరేళ్ళు వీధి మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్కనాడూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా సైకిలు నడిపించుకుంటూ పోతుంటే మాత్రం లోపలికి కేకేసేవాడు: "ఏమే, నీకు బేరం." ఆయన పోయాక కొట్టు మూసేసి ఇక్కడ చేరింది. ఇప్పుడు ఆమెతో ఉండేది ఆడపడుచు ఒక్కతే. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఎప్పుడైనా మాటా మాటా పెరిగితే, "మా అన్నయ్యని జరిపినట్టు నన్ను జరపకు వదినా," అంటుంది. ఆ మాటకు గాలక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక డ్రైవరు వచ్చాడు. ముప్పై ఒక్కేళ్ళు బస్సు తోలిన మనిషి. కిటికీ వైపు చెయ్యి రెండో చెయ్యికన్నా ఒక ఛాయ నలుపు. ఏ గదిలోకి వచ్చినా ముందు ఎడమా కుడీ చూసుకుని గాని అడుగు వేయడు.

"దొరికాడా దొంగ?" అన్నాడు.

గాలక్క గుప్పిట్లో అప్పటికే ఒక పాత స్ప్రింగు ఉంది. పనికిరాని సామాను డబ్బాలోంచి పావుగంట క్రితం తీసి పెట్టుకుంది. వాల్వును కొట్టే సుత్తి వెనక ఉండే రకం, ఇంకేదో తుపాకీది. 'ఇదిగో బాబాయ్, ఇదే దొంగ, మార్చేశాను' అందామని నాలుక చివరిదాకా తెచ్చుకుంది. అలా అంటే ఆయన ఇంకో రెండు వారాలు సంతోషంగా ఉంటాడు. కాని ఆదివారం మధ్యలోనే ఉంది. అందరి ముందూ పక్కకు జరగమని ఇంకెవరో చెబుతారు.

గుప్పిట విప్పకుండానే స్ప్రింగును జేబులో వేసుకుంది.

"ఒకసారి నా ముందు కొట్టండి బాబాయ్. నేను చూడాలి."

హాల్లో ఆ వేళప్పుడు ఎవరూ లేరు. ఆయన నిలబడి, పిడిని భుజానికి ఆనించి, చెంప వాల్చాడు. గాలక్క కాగితం వైపు చూడలేదు. గొట్టం కొసనే చూసింది. అది గాల్లో సున్నాలు చుడుతోంది. పొడుగు తుపాకీకి ముందు బరువుంటుంది, చిన్న వణుకును అది మింగేస్తుంది. దీనికి బరువంతా భుజం దగ్గరే. ముక్కు తేలిక. చేతిలో ఉన్నదంతా బయటపెట్టేస్తుంది. టప్‌మని అయిదుసార్లు మొరిగింది. గుళ్ళు కాగితం మీద చెట్టుకొకటి, పుట్టకొకటిగా పడ్డాయి.

"చూశావా? ఎడమకి, కిందకి!"

ఆమె వెళ్ళి స్టూలు తెచ్చింది. బల్ల మీద ఇసకసంచి సర్దింది.

"కూర్చోండి."

"కూర్చుని కొట్టడమేంటి, ముసలోళ్ళలాగా?"

"డెబ్బై నాలుగేళ్ళకి ఇంకేమవుదామనుకుంటున్నారు మరి?"

"అది కాదమ్మా..."

"ముప్పై ఏళ్ళు బస్సు నిలబడే తోలారా బాబాయ్?"

ఆయన స్టూలు వంక చూశాడు. పెద్దగా నవ్వి, కూర్చున్నాడు. ఇసకసంచి మీద గొట్టం ఆన్చాడు. కొస ఇంకా కొంచెం కదిలింది, ఆగింది. ఒక గుండుకీ ఇంకో గుండుకీ మధ్య చాలాసేపు తీసుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు.

కాగితం ఆయనే నడిచి వెళ్ళి తెచ్చుకున్నాడు. నాలుగు ఒక్కచోటే పడ్డాయి, అయిదోది కాస్త ఎడంగా. దాన్ని చేతిలో పట్టుకుని వచ్చి మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు.

"అయితే గన్ను బానే ఉందన్నమాట."

"బానే ఉంది."

"మొదట్నుంచీనా?"

"లేదు. ముందు మూడుసార్లూ నిజంగానే తప్పుంది. ఈసారే ఏం లేదు. ఎంత వెతికినా లేదు బాబాయ్."

ఆయన ఎడమచేతి గ్లౌజు విప్పి పక్కన పెట్టి, అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"టీ కప్పు పట్టుకుంటే సాసరు చప్పుడు చేస్తోందమ్మా. మా అమ్మాయి వినబడనట్టు ఉంటుంది. నేనూ చప్పుడు లేనట్టే ఉంటాను. ఇద్దరం మహానటులం." అరచెయ్యి మూశాడు. "నాకు తెలుసు. కానీ నాకు నేను చెప్పుకుంటే నమ్మబుద్ధి కాలేదు. తెలిసినవాళ్ళెవరైనా మొత్తం వెతికి, లేదని చెప్పాలి కదా."

గాలక్క బల్ల అంచు పట్టుకుంది. ఎందుకు చెప్పాలనిపించిందో ఆమెకే తెలియదు.

"మా ఆయనకీ ఇలాగే చేతులు వణికేవి. అప్పుడు నేను ఇలా చెప్పలేదు బాబాయ్. నలుగురిలో పక్కకి జరగమన్నాను."

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"నలభై నాలుగు."

"అదే మరి. చిన్నపిల్లవి."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. మొహం తిప్పుకుని ఇసకసంచి తట్టింది.

వెళ్ళేముందు ఆయనే మేనేజరు గదికి పోయి, నిలబడి కొట్టేవాళ్ళ జట్టులోంచి తన పేరు తీసేసి కూర్చుని కొట్టేవాళ్ళలో రాయించుకున్నాడు. "డ్యూటీ మారింది, అంతే," అన్నాడట. తుపాకీని సంచిలో పెట్టుకున్నాడు. కాగితాన్ని మాత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "కుక్కపిల్లకి ఇంక మందులు మానేద్దాం," అని చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నమంతా గాలక్క ఇంకో రైఫిలు పంపు విప్పి పనిచేసుకుంది. చాలాకాలానికి చెయ్యి తేలిగ్గా ఆడింది. ఇంటికెళ్ళాక ఆడపడుచుతో ఈ సంగతి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంది.

అయిదున్నరకు, కిటికీలో ఇంకా ఎండ ఉండగానే, మేనేజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"డ్రైవరుగారి అమ్మాయి ఫోన్ చేసిందక్కా."

ఆమె చేతిలో పానా ఉంది. సగం బిగిసిన నట్టును చివరి చుట్టు తిప్పి, పానా కింద పెట్టింది.

"భోంచేసి పడుకున్నారట. నాలుగున్నరకి టీకి లేపితే లేవలేదు. నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పాడట." అతను గుమ్మానికి ఆనుకున్నాడు. "ఆదివారానికి పేరు తీసేయమని ఫోన్ చేసింది పాపం, ఆ ఏడుపులో కూడా. ఆయన ఇంటికి వచ్చీ రాగానే ఏదో కాగితం చూపించారట. కళ్ళజోడు తెప్పించి మరీ చూడమన్నారట. అన్నం ముందు కూర్చుని కూడా అదే మాటట."

గాలక్క చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది. గోళ్ళ సందుల్లో గ్రీజు.

"పేరు తీశావా?"

"ఇంకా లేదు."

"ఉండనీ. ఆదివారం దాకా ఉంటే ఎవరికేం బరువు."

అతను తలూపి వెళ్ళిపోయాడు. ఆమె డబ్బాలకు మూతలు పెట్టింది. ఒక మూత సరిగ్గా పడక రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. వైసును వదులుచేసి, దీపం ఆర్పి, స్టూలు లోపల పెడదామని హాల్లోకి వెళ్ళింది.

స్టూలు ఆయన లేచినప్పుడు ఎలా ఉందో అలాగే, కాస్త పక్కకు తిరిగి ఉంది. ఇసకసంచి పక్కన ఆయన విప్పి మరిచిపోయిన ఎడమచేతి గ్లౌజు పడి ఉంది. బొటనవేలి దగ్గర చిరిగితే ఎవరో నల్లదారంతో గట్టిగా కుట్టారు. చెమట ఆరి తోలు బిగుసుకుపోయింది. లోపల చెయ్యి లేకపోయినా, దాని అయిదు వేళ్ళూ బరువైనదేదో జాగ్రత్తగా పట్టుకున్నట్టు, వణుకు లేకుండా వంగి ఉన్నాయి.