పైడయ్య మేస్త్రి పంటి గార

నేను ఒక గారను. గోడకు పూసే గార అనుకునేరు, దానికీ నాకూ చుట్టరికం లేదు. బొబ్బిలిలో తాపీపని చేసే పైడయ్య మేస్త్రి నోట్లో, ఎడమవైపు కింది పళ్ళ వెనక, చిగురు లోపలికంటా దిగి కూర్చున్న పచ్చటి పంటి గారను. రెండిటికీ ఒకే పేరు పెట్టిన మనుషుల తెలివిని ఏమనాలి! పన్నెండేళ్ళు నన్ను మోసిన పైడయ్య, చివరికి నన్ను వదలనన్నదీ ఆ పేరు పట్టుకునే.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. తిన్న తరవాత పంటి మీద జిగురు కడుతుంది. రోజూ తోమేస్తే పోతుంది, వదిలేస్తే ఉమ్మిలోని సున్నం పట్టి రాయవుతుంది. పైడయ్య పళ్ళు తోమడా అంటే తోముతాడు, ఎదుటివాళ్ళకు కనబడేవి నాలుగు. వీధి గోడకు రంగులేయించి పెరటి గోడను గాలికొదిలేసే ఇళ్ళవాళ్ళను చూసి పకపకా నవ్వే మనిషే మరి! కొత్త గోడకు పూటపూటా నీళ్ళు పట్టమని కూలీల మీద కేకలేసే ఆ నోరు, చుట్ట పారేశాక గుక్కెడు నీళ్ళతో పుక్కిలించి ఎరగదు.

చిగుళ్ళలో నెత్తురు కనబడితే "ఏడి సేసింది" అని మజ్జిగ తాగేవాడు. నెత్తురొచ్చిన చోట బ్రష్షు పెట్టడం మానేసేవాడు. అంతకన్న నాకేం కావాలి? హాయిగా వేరు దాకా దిగాను. చిగురు వాచి పంటిని వదిలేసింది, లోపలి ఎముక కరగసాగింది. ఆ కంపు భరించలేక అతని భార్య సన్యాసమ్మ మొహం తిప్పుకుని మాట్లాడితే, దీనికి పొగరెక్కిందనుకున్నాడు మహానుభావుడు.

ఒకరోజు స్లాబు వేశారు. ఇంటాయన మేస్త్రీలందరికీ వేటకూర పెట్టించాడు. పైడయ్య మూలుగబొమిక అందుకుని కొరికాడో లేదో ఎడమవైపు కింది పన్ను ఒకటి ఊగింది. బొమికను ఆకు అంచున పెట్టేసి వట్టి పులుసు కలుపుకున్నాడు. యాభై నిండకుండానే బోసినోరు వస్తుందన్న భయం అప్పుడు పుట్టింది.

పళ్ళ డాక్టరమ్మ స్రవంతి సన్నటి కొలతపుల్లను చిగురు పక్కన దింపి చూసింది.

"మేస్త్రీ గారూ, గార బాగా లోపలికి పోయింది. మత్తిచ్చి వేళ్ళ దాకా శుభ్రం చేయాలి. ఈ వారం కుడివైపు, వచ్చే వారం ఎడమవైపు. చేయకపోతే ఒక్కొక్కటీ ఊడిపోతాయి."

పైడయ్య కుర్చీలోంచి లేవబోయాడు. "గార గీకేత్తే ఇంకేటుంటాదమ్మా? గార రాలిపోతే గోడ నిలబడతాదా? పళ్ళు దాని మీదే కదా ఆగున్నాయి!"

నాకు నవ్వాగలేదు. చెదపురుగును చూసి వాసం అనుకున్నాడు!

వెంట వచ్చిన సన్యాసమ్మ ఊరుకోలేదు. "ఉప్పెక్కి ఉబ్బిపోయిన గోడకి నువ్వేటి సేత్తావు మావా? దాని మీదే కొత్త గార పూసేత్తావా?"

"ఎలాగ పూత్తానే? పాతదంతా సెక్కేసి..." అంటూనే మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే నోరుమూసుకుని తెరువు."

డాక్టరమ్మ నవ్వును మాస్కులో దాచుకుంది.

కుడివైపు నా వాళ్ళంతా ఆ రోజే పోయారు. ఇంటికి వచ్చేసరికి పళ్ళ మధ్య సందులు, చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనడం. వాపు తగ్గితే కొన్నాళ్ళు అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది గాని, వినేదెవరు? "సూసినావా, పళ్ళు కదిలిపోనాయి! ఎడంపక్క నా పేణం పోయినా ముట్టనివ్వను" అని భీష్మించుకున్నాడు. వచ్చే వారం వచ్చింది, పోయింది. ఇలాంటివాడి నోట్లో నాకు నూరేళ్ళాయుష్షు అనుకున్నాను.

మూడో వారం ఒక పొద్దున మొహం కడుక్కుంటూ, అలవాటున ఇటుకను నొక్కి చూసినట్టు కుడి చిగురును వేలితో నొక్కాడు. బిగుసుకుని ఉంది, వేలు తెల్లగానే వచ్చింది. ఇంకో వేలితో ఎడమ చిగురును నొక్కాడు. వేలు ఎర్రగా వచ్చింది. రెండు వేళ్ళూ పక్కపక్కన పెట్టి చూసి, చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి మావా?" అంది సన్యాసమ్మ.

"ఎడంపక్కకి."

సూదిమందు, నీళ్ళు చిమ్మే యంత్రం, ఆ తరవాత కొక్కెంలాంటి పనిముట్టు. చిగురు కింద నేను పట్టిన పట్టు ఊడింది. బొమిక కొరికినప్పుడు ఊగిన పన్ను మాత్రం దక్కలేదు. నన్ను వాసం అనుకున్నందుకు అతను చెల్లించుకున్న మూల్యం అది. మిగతావన్నీ నిలిచాయి.

ఒక్కసారి చూపించమని పైడయ్య అడిగాడు. గుడ్డముక్క మీద ఉన్న నన్ను రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. నలగలేదు. తిమ్మిరెక్కిన మూతితోనే, "ఎంత గట్టిగా కట్టిందే! మావోళ్ళ సేత ఒక్కనాడూ ఇంత గట్టి పని సేయించలేకపోనాను" అన్నాడు. పన్ను పోయిన చోట దూది కరుచుకుని, ఆ పన్నును పోగొట్టినదాన్ని మెచ్చుకుంటున్నాడు! డాక్టరమ్మ ఆసుపత్రి చెత్త వేసే పసుపురంగు సంచి తెరిచి పట్టుకున్నా అతని వేళ్ళు నన్ను వదలలేదు.

వెంటే వచ్చి పక్కన నిలబడ్డ సన్యాసమ్మ అతని చేతి మీద ఒక్కటి చరిచింది. నేను సంచిలో పడ్డాను.